ఎడమచేతి మౌస్, నాలుగు విభాగాలు

అమలాపురంలోని ప్రాంతీయ సమన్వయ కార్యాలయం దేన్ని దేనితో సమన్వయం చేస్తుందో ఊళ్ళో ఎవరూ అడగరు, ఆఫీసులో ఎవరూ చెప్పరు. ఆ మర్యాద మీదే బండి నడిచిపోతోంది. అలాంటి చోటికి పై ఆఫీసు నుంచి కొత్త కంప్యూటర్లు దిగాయి. వాటిని నడిపే సాఫ్ట్‌వేర్ లైనక్స్. లైనక్స్ అంటే స్వేచ్ఛ అనీ, ఎవరికి కావలసినట్టు వాళ్ళు మార్చుకోవచ్చనీ ఉపసంచాలకులు, అంటే అందరూ డీడీ గారు అని పిలుచుకునే పెద్దమనిషి, శిక్షణ తరగతిలో చాలాసేపు వివరించారు. వివరించాక, ఎవరూ ఏదీ మార్చకూడదన్న ఉత్తర్వు చదివారు.

"విషయము: ఏకరూప మౌస్ విధానము. ఉద్యోగులు ఎవరి మౌసును వారే సవరించుకొనుచున్నట్లు పై కార్యాలయము దృష్టికి వచ్చియున్నది. ఇది క్రమశిక్షణకు భంగకరము. కావున ప్రతి ఉద్యోగి తన హస్తము వామమో దక్షిణమో ప్రకటించవలెను. తదనుగుణమైన అమరిక సంబంధిత విభాగము ద్వారా మాత్రమే జరుపబడును. ప్రకటిత హస్తమునకు, మౌస్ అమరికకు పొంతన కుదరనిచో సదరు వ్యక్తిని సదరు ఉద్యోగిగా గుర్తింపజాలము."

అందరూ ప్రకటించారు. ఆఫీసు మొత్తానికి ఒకే ఒక్క వామహస్తం తేలింది. అది వకుళది.

"నిజం రాయమని ఎవరు చెప్పారే నీకు?" అంది పక్క సీటు గ్లోరీ, టిఫిన్ డబ్బా మూత తీస్తూ.

"సర్వీసు రిజిస్టరులోకి ఎక్కుతుందంట కదే. అందులో అబద్ధం ఎందుకని."

"అబద్ధం లేకుండా అందులో ఏవుందే? డీడీ గారు రికార్డు ప్రకారం వాళ్ళ తమ్ముడికంటే చిన్నోరు."

వకుళ నవ్వేసి ఊరుకుంది. చిన్నప్పుడు బళ్ళో మేష్టరు బెత్తం పుచ్చుకుని ఆమె రాతని కుడివైపుకి తిప్పబోయి, బెత్తం విరిగాక మానుకున్నాడు. తల్లి మాత్రం అన్నం ముద్దని కుడిచేతికి మార్చి, మిగతా పనులు నీ ఇష్టం పొమ్మంది. మెట్టినింట్లో ఆమె ఎడమచేత్తో అట్లకాడ పట్టుకుంటే అత్తగారు మొదట్లో మొహం తిప్పుకునేది. అట్టు చిరక్కుండా వస్తోందని గమనించాక మొహం మళ్ళీ ఇటు తిప్పింది. అంచేత తన చేయి ఒక సమస్య అన్న సంగతి వకుళ ఎప్పుడో మర్చిపోయింది. ప్రభుత్వం గుర్తుచేసింది.

గుర్తుచేసిన సమయం మాత్రం మంచిది కాదు. వకుళ కాపురం కాకినాడలో. రోజూ తెల్లారకుండానే బస్సెక్కి, ముమ్మిడివరం మీదుగా అమలాపురం వచ్చి, పొద్దుగూకాక మళ్ళీ బస్సెక్కేది. కూతురు అలేఖ్య ఒకటో తరగతి. తల్లి వెళ్ళేసరికి నిద్రలో ఉంటుంది, వచ్చేసరికి నిద్రలోకి జారుకుంటుంది. పిల్ల ఎంత పొడుగైందో వకుళకి పడుకోబెట్టి కొలవడమే తప్ప నిలబెట్టి చూడ్డం కుదరడం లేదు. ఇన్నాళ్ళకి ఒక దారి దొరికింది. ఇదే కార్యాలయానికి కాకినాడలో ఒక శాఖ ఉంది. అందులో వీరభద్రం అనే ఆయన పనిచేస్తున్నాడు. ఆయనకి అమలాపురం దగ్గర కొబ్బరితోట, తోటలో ఇల్లు, ఇంట్లో అలిగి కూర్చున్న భార్య ఉన్నారు. ఇద్దరూ ఫోనులో మాట్లాడుకుని పరస్పర బదిలీకి ఒప్పుకున్నారు. వీరభద్రం తన వంతు అప్పుడే కంప్యూటర్లో నొక్కేశాడు. వకుళ కూడా తన ఆఫీసు కంప్యూటరు మీద, తన లాగిన్ నుంచి, శుక్రవారం సాయంత్రంలోగా 'సమ్మతమే' అన్న బటన్ నొక్కాలి. ఒక్కసారి.

ఆమె మొదటిసారి నొక్కినప్పుడు తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి: "మీరు మీరు కారు."

వకుళ పోయి డీడీ గారి ముందు నిలబడింది. ఎడమచేత్తో పట్టుకుంటే మౌస్ మీటలు రెండూ తారుమారు కావాలనీ, తన మౌస్ ఇంకా కుడిచేతి వాటంగానే ఉందనీ, అందుకే కంప్యూటరు తనని గుర్తుపట్టడం లేదనీ విన్నవించుకుంది.

డీడీ గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "సమస్య చిన్నదే వకుళగారూ. కానీ ఇందులో ఒక మౌలికమైన ప్రశ్న ఇమిడి ఉంది. మౌస్ అనేది వస్తువా? స్వభావమా?"

ఆ ఆఫీసులో వస్తువులన్నీ పరికరాల విభాగం కిందికి వస్తాయి. దాని అధికారి ముత్యాలరావు. కంప్యూటర్ల స్వభావాలన్నీ అమరికల విభాగం కిందికి వస్తాయి. దాని అధికారిణి కామేశ్వరి. ఒకే గోడకి చెరోవైపు కూర్చునే ఈ ఇద్దరూ ఆ గోడకి సున్నం ఎవరు వేయించాలన్న విషయం మీద ఏళ్ళ తరబడి లేఖలు రాసుకుంటున్నారు. గోడ ఇప్పటికీ ఇటుకలతోనే ఉంది.

"మీట అంటే ప్లాస్టిక్ ముక్కండి. చేత్తో పట్టుకుంటే తగుల్తుంది. తగిలే ప్రతిదీ నాదేనండి," అన్నాడు ముత్యాలరావు.

"మీట ఏంచెయ్యాలన్నది మా పరిధండి. ఆయన మీట కొనిపెడితే చాలు. దానికి బుద్ధులు చెప్పేది మేము," అంది కామేశ్వరి.

మధ్యాహ్నానికల్లా పరికరాల విభాగం తన దారిన మీటల్ని తారుమారు చేసి, 'సమస్య పరిష్కరించబడినది' అని నివేదిక పంపింది. ఆ పక్కగదిలో అమరికల విభాగం కూడా తన దారిన మీటల్ని తారుమారు చేసి అదే నివేదిక పంపింది. డీడీ గారు రెండింటి మీదా 'హర్షణీయము' అని రాశారు. వకుళ వచ్చి నొక్కింది.

"మీరు మీరు కారు."

కంప్యూటర్లు బాగుచేసే కంపెనీ నుంచి బాపినీడు అనే ఆయన్ని పిలిపించారు. ఆయన వచ్చి, కాఫీ తాగి, కీబోర్డు మీద ఏవేవో కొట్టి, మళ్ళీ కాఫీ తాగాడు.

"ఇద్దరూ తిప్పేశారండి మేడమ్. కంప్యూటరు లేవగానే ముత్యాలరావుగారి ఫైలు ఓసారి తిప్పుతుందండి. మీరు లాగిన్ అవగానే కామేశ్వరిగారి ఫైలు ఇంకోసారి తిప్పుతుంది. దానికది తెలీదు, దీనికిది తెలీదు."

"అంటే అట్టు ఒకసారి తిరగేశాక ఇంకొకరొచ్చి మళ్ళీ తిరగేసినట్టు."

"అంతేనండి బాబూ. మొదటిపక్కే కింద ఉంటుంది. ఎవరో ఒకళ్ళు చెయ్యి తీసేస్తే సరి."

ఈ ముక్క డీడీ గారి గదిలో చెప్పడానికి సమావేశం పెట్టాల్సి వచ్చింది. ఆ సమావేశంలో తేలిందేమంటే, ఎవరూ చెయ్యి తీయడానికి వీల్లేదు.

"ఉత్తర్వులో తారుమారు చేయమన్నారండి, చేశాం. తీయమని లేదు. తీస్తే రేపు ఆడిటోళ్ళొచ్చి ఎందుకు తీశావయ్యా అంటే నేనేం చెప్పాలి?" అన్నాడు ముత్యాలరావు.

"పోనీ నేనే తీసేద్దునండి. కానీ అప్పుడు పని జరిగింది వాళ్ళవల్ల అని రికార్డవుతుంది," అంది కామేశ్వరి. ఆ బాధ ఎంతటిదో ఆ గదిలో అందరికీ అర్థమైంది.

"పోనీండి, ఎవరో ఒకరు కాసేపు లాగౌట్ అయితేనో?" అన్నాడు బాపినీడు. "ఏ అధికారి లాగిన్‌లో ఉంటే ఆ విభాగం వాటా పనిచేస్తుందండి. ఆయన లాగౌట్ అయిపోతే అదీ ఆగిపోతుంది."

"పనివేళల్లోనా?" అన్నారు డీడీ గారు. ఆ స్వరం విని బాపినీడు మిగిలిన కాఫీ గుటుక్కున మింగేశాడు.

వకుళ నెమ్మదిగా అంది: "సార్, శుక్రవారం ఆఖరండి. నేను మధ్యవేలితో నొక్కుకుంటాను, కుడిచేత్తో నొక్కుకుంటాను, మీరెలా నొక్కమంటే అలా నొక్కుతాను. వదిలెయ్యండి."

"అమ్మా, మీరు కుడిచేత్తో నొక్కితే అది ఇంకొకరు మీ పేరుతో నొక్కినట్టు లెక్క. మీ మీద మీరే మోసానికి పాల్పడినట్టు కేసవుతుంది. మీకు మేం రక్షణ కల్పించాల్సి వస్తుంది, మీ నుంచే."

చివరికి పరిష్కారం డీడీ గారికే తట్టింది. ఇద్దరు తిప్పితే మొదటికొచ్చింది కాబట్టి మూడోవారు కూడా తిప్పితే సరిపోతుంది. ఎవరినీ నొప్పించక్కర్లేదు, ఎవరూ ఏదీ తీయక్కర్లేదు. సమన్వయ కార్యాలయంలో సమన్వయ విభాగం అంటూ ఒకటి లేదన్న సంగతి అప్పుడు బయటపడింది. తక్షణం దాన్ని స్థాపించారు. అదనపు బాధ్యత డీడీ గారే వహించారు.

ప్రారంభోత్సవం బుధవారం పొద్దున జరిగింది. వకుళ కంప్యూటరుకి బంతిపూల దండ వేశారు. మౌస్‌కి కుంకుమబొట్టు పెట్టారు, అది పెట్టిన చోట మీట జిడ్డై అతుక్కుపోయింది. డీడీ గారు మాట్లాడుతూ, ఒక్క మహిళ ఎడమచేతి కోసం యంత్రాంగమంతా కదిలిందని, ఇలాంటిది ఇంకెక్కడా చూడమని అన్నారు. అది మాత్రం నిజమే. కొబ్బరికాయ కొట్టి, తన లాగిన్ నుంచి మూడోసారి మీటల్ని తిప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. వకుళ చీరకొంగుతో మీట తుడిచి నొక్కింది.

"మీరు మీరు కారు."

చప్పట్లు ఆగేసరికి వెనక వరుసలోంచి లక్ష్మీపతి లేచాడు. ఈయన నిఘా విభాగం. ఎప్పుడూ దగ్గు మాత్ర బుగ్గన పెట్టుకుని ఉంటాడు.

"మూడు విభాగాలు ఒకే పని చేస్తుంటే నిఘా లేకుండా ఎలాగండి? నిజంగా తిరుగుతోందా లేదా అని నేను స్వతంత్రంగా తనిఖీ చేశాను. తిరిగింది. చాలా బాగా తిరిగింది," అన్నాడు.

"తనిఖీ అంటే?" అన్నాడు బాపినీడు అనుమానంగా.

"నేను కూడా ఓసారి తిప్పి చూశాను."

"తిప్పి, వెనక్కి తిప్పారా అండి?"

"అది నా విధి కాదు."

తిప్పడాలు నాలుగయ్యాయి. సరిసంఖ్య. గ్లోరీ వకుళ చెవిలో, "ఐదో విభాగం పెట్టిస్తే?" అంది. ఆ మాట డీడీ గారికి వినబడింది. ఆయన కళ్ళు మెరిశాయి. ఐదో విభాగానికి జీపు అడగొచ్చని ఆయనకి తోచిందని ఆ మెరుపు చూసినవాళ్ళందరికీ తెలిసిపోయింది. జీపు శాంక్షన్ అయ్యాకే విభాగం, విభాగం వచ్చాకే తిప్పడం. శుక్రవారానికి జీపు రాదు.

గురువారం వకుళ పని మానేసి గుమ్మంవైపు చూస్తూ కూర్చుంది. నలుగురిలో ఏ ఒక్కరు సెలవు పెట్టి లాగిన్ కాకపోయినా మూడు మిగులుతాయి. మూడుంటే చాలు. కానీ ముత్యాలరావు సెలవు పెట్టే మనిషి కాదు, తను లేనప్పుడు కామేశ్వరి గోడకి సున్నం వేయించేస్తుందేమోనని భయం. కామేశ్వరిదీ అదే భయం. డీడీ గారు అసలే కొత్త విభాగపు మోజులో ఉన్నారు. మిగిలింది లక్ష్మీపతి. ఆయన రోగాలకి భయపడినంతగా పైవాళ్ళకి కూడా భయపడడు.

శుక్రవారం పొద్దున ఆయన వచ్చి, లాగిన్ అయి, దగ్గు మాత్ర చప్పరిస్తుండగా గ్లోరీ ఆ పక్కనించి వెళ్తూ ఆగింది.

"ఏంటి సార్, ఒంట్లో కులాసాయేనా అండి?"

"ఏం? బానే ఉన్నానే."

"ఆయ్. అలాగే ఉంటుంది లెండి మొదట్లో," అని వెళ్ళిపోయింది.

కాసేపటికి వకుళ ఓ ఫైలు పట్టుకెళ్ళింది. సంతకం పెడుతున్నాయన కళ్ళలోకి చూసి, చూపు మరల్చుకుని, మళ్ళీ చూసింది.

"ఏంటమ్మా అలా చూస్తున్నారు?"

"ఏం లేదండి. ఆ కిటికీ పరదా పసుప్పచ్చదేనా అండి?"

"ఆకుపచ్చ."

"అలాగా. అయితే వెలుతురు వల్ల కాదన్నమాట," అంది వకుళ తనలో తను అనుకున్నట్టు. ఆ తర్వాత ఇంకేమీ అనలేదు. అనకపోవడమే పనిచేసింది.

లక్ష్మీపతి లేచి బాత్‌రూమ్ అద్దంలో చూసుకుని వచ్చాడు. మళ్ళీ లేచి వెళ్ళి, నాలుక చాపి చూసుకుని వచ్చాడు. మూడోసారి వచ్చి, "వకుళగారూ, పచ్చకామెర్లకి పసరు పోసేవాళ్ళు ఎవరన్నా తెలుసాండి?" అని అడిగాడు గొంతు తగ్గించి.

"మామిడికుదురు అవతల ఒకాయన ఉన్నాడంటండి. పరగడుపునే వెళ్ళాలంట. మీరు టిఫినేవైనా..."

"ఒక్క ఇడ్డెన్."

"ఒక్కటైతే పర్లేదంటారండి. మధ్యాహ్నం దాటితే మాత్రం కష్టం."

ఆయన నిబంధన ప్రకారం లాగౌట్ అయ్యాడు. వెళ్ళేది ఒంట్లో బాగోక అయినా, విధి పట్ల ఆయనకున్న గౌరవం అది. స్కూటరు చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా వకుళ కిటికీ దగ్గర ఆగి, వచ్చి కూర్చుని, ఎడమచేత్తో మౌస్ పట్టుకుని చూపుడువేలితో నొక్కింది.

"మీరు మీరే. పరస్పర బదిలీ ఆమోదించబడినది. ఇరువురి స్థానములు తారుమారు చేయవలసినదిగా సంబంధిత విభాగమునకు ఆదేశము పంపబడినది."

గ్లోరీ లేచి వకుళని వాటేసుకుంది. డబ్బాలో ఉన్న సున్నుండ సగం విరిచి నోట్లో పెట్టింది. వకుళ దాన్ని నములుతూ తెర మీది ఆఖరి వాక్యం ఇంకోసారి చదివింది. సున్నుండ గొంతులో అడ్డం పడింది.

"గ్లోరీ. సంబంధిత విభాగం అంటే ఏది?"

ఇద్దరూ మొహమొహాలు చూసుకుని పరికరాల విభాగం గదిలోకి పరుగెత్తారు. ముత్యాలరావు అప్పటికే సంతకం పెట్టేశాడు. బదిలీ అంటే కుర్చీ మారడం, కుర్చీ తగిలే వస్తువు కాబట్టి అది తనదే. అమలాపురం కుర్చీలో ఉన్నవారు కాకినాడ కుర్చీలోకి, కాకినాడ కుర్చీలో ఉన్నవారు అమలాపురం కుర్చీలోకి తక్షణం మారవలెను. కాయితం వకుళ చేతిలో పెట్టి, "సుఖంగా వెళ్ళి రండమ్మా," అన్నాడు.

"కామేశ్వరిగారు కూడా ఇస్తున్నారాండి?"

"ఇవ్వకుండా ఉంటారా? ఎవర్ని ఎక్కడ అమర్చాలన్నది తన పరిధంట. మధ్యాహ్నం భోంచేశాక ఆవిడ కూడా తారుమారు ఉత్తర్వు వేస్తారు. కూర్చోండి, రెండూ కలిపి పట్టికెళ్దురుగాని."

"ఒకటి చాలండి," అంది వకుళ.

రెండో ఉత్తర్వు పడితే ఏమవుతుందో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. మౌస్‌కి ఏమైందో అదే. కాకపోతే ఈసారి తిరిగేది మీట కాదు, తను. బస్టాండుకి ఆటోలో పోతూ వీరభద్రానికి ఫోన్ చేసింది.

"బాబాయిగారూ, ఉత్తర్వొచ్చిందండి. వెంటనే బయల్దేరి అమలాపురం వచ్చి నా కుర్చీలో కూర్చోండి."

"చాలా సంతోషం తల్లీ! ఇదుగో, పులిహోర తెచ్చుకున్నాను, తినేసి..."

"బస్సులో తినండి బాబాయిగారూ! ఆలస్యమైతే పిన్నిగారు అలకపాన్పు మీంచి ఈ జన్మకి దిగరు."

ఆ ఒక్క మాట పనిచేసింది. ఆ ఇద్దరూ అంతవరకూ ఒకరినొకరు చూసుకోలేదు. ఎదుర్లంక వంతెన మీద బస్సులు ఒకదాన్నొకటి దాటుకుంటున్నప్పుడు, అవతలి బస్సు కిటికీ దగ్గర ఒక బట్టతల పెద్దమనిషి ఆదరాబాదరాగా పులిహోర తింటూ కనబడ్డాడు. వకుళ చెయ్యెత్తి దణ్ణం పెట్టింది. ఈవిడ ఎవరో ఏమిటో అనుకోకుండా ఆయన మెతుకుల చెయ్యి ఎత్తి ఆశీర్వదించాడు.

కాకినాడ శాఖలో వకుళ ఆయాసపడుతూ వెళ్ళి కుర్చీలో కూర్చుని, హాజరు వేయించుకుని, మంచినీళ్ళు అడిగింది. గ్లాసు చేతికొచ్చేలోపే ఫోన్ మోగింది. అవతల డీడీ గారు.

"వకుళగారూ, కామేశ్వరిగారి ఉత్తర్వు కూడా విడుదలైంది. ఆవిడ కూడా మీ ఇద్దరినీ తారుమారు చేశారు. రెండు విభాగాలూ ఇంత చురుగ్గా స్పందించడం చాలా సంతోషం. కాబట్టి మీరు తిరిగి వచ్చేయాలమ్మా."

వకుళ మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టింది.

"తప్పకుండానండి. కానీ సార్, ఒక చిన్న ధర్మసందేహం. ఇప్పుడు ఇది రెండు విభాగాలకి చెందిన విషయం అయింది కదండి?"

"అవును."

"రెండు విభాగాలకి చెందినదేదైనా సమన్వయ విభాగం చూడాలి కదండి? అందుకే కదండి మీరు స్థాపించారు. మిమ్మల్ని దాటిపోయి నేనెలా కదులుతానండి? మీకు అవమానం కదా?"

అవతల కుర్చీ ముందుకు జరిగిన చప్పుడు వినబడింది. తన విభాగానికి మొట్టమొదటి అసలు పని దొరికిన మనిషి కుర్చీ అది.

"నిజమే సుమా," అన్నారు డీడీ గారు. గొంతులో ఏదో గంభీరత చేరింది. "దీన్ని లోతుగా పరిశీలించవలసి ఉంది. ముత్యాలరావుగారి ఉత్తర్వు ఉపసంహరించాలా, కామేశ్వరిగారిదా? ఒక కమిటీ వేస్తాను. లక్ష్మీపతిగారు పసరు దిగాక అందులో ఉంటారు."

"అంతవరకూ మేమిద్దరం ఏం చెయ్యమంటారండి?"

"అంతవరకూ యథాతథస్థితి. ఎవరు ఏ కుర్చీలో ఉన్నారో ఆ కుర్చీలోనే ఉండాలి. కదలడానికి వీల్లేదు. కదిలితే చర్య తీసుకోవలసి వస్తుంది."

"మీరంత గట్టిగా చెప్పాక కదుల్తామాండి," అంది వకుళ.

ముత్యాలరావు చెయ్యి తియ్యడు. కామేశ్వరి తియ్యదు. ఆ ఆఫీసులో ఒక సమస్య తీరాలంటే మనిషి ఆయుష్షు చాలదు గానీ, తీరకుండా ఉండాలంటే అంత భద్రమైన చోటు ఇంకెక్కడా లేదని ఆమెకి మొదటిసారి తెలిసొచ్చింది. అమలాపురం నుంచి గ్లోరీ ఫోన్ చేసి, వీరభద్రం కుర్చీలో కూర్చుని చేతులు తుడుచుకుంటున్నాడని చెప్పింది. ఆయన్ని కూడా కదలొద్దన్నారంట. సంతోషంతో ఆయనకి ఎక్కిళ్ళొస్తున్నాయంట.

సాయంత్రం ఆఫీసు వదిలాక వకుళ నడిచే ఇంటికి వెళ్ళింది. వీధిలో ఇంకా ఎండ ఉంది. గుమ్మంలో అలేఖ్య నిలబడి జామకాయ కొరుకుతోంది. తల్లిని చూసి కొరకడం ఆపి, వీధి చివరిదాకా చూసి, మళ్ళీ తల్లిని చూసింది. నిలబెట్టి చూస్తే పిల్ల గుమ్మం గడియని అందుకునేంత అయింది.

"అమ్మా, ఇవాళ ఆదివారమా?" అంది.

వకుళ చెప్పులు విడిచి, పిల్లని ఎడమచంకన ఎత్తుకుంది. బరువుగా ఉంది. లోపలికి నడుస్తూ, "కమిటీ తేల్చేదాకా ఆదివారమేనే," అంది.